ముప్పావు మనిషి

మొన్న రాజమండ్రిలో పచారీ కొట్టు ముందు నిలబడి ఉంటే, నాకంటే ముందొచ్చిన ఒకావిడ మినుముల బస్తాలో చెయ్యి పెట్టి ఒక్క గింజ తీసి, పంటి కింద వేసుకుని కొరికింది. టక్కుమని చప్పుడైంది. ఆవిడ తృప్తిగా తలూపి, "రెండు కేజీలు కట్టండి" అంది. అంతే, నాకు నవ్వు మొదలైంది. ఆపుకుందామని చూస్తే ఇంకా ఎక్కువైంది. కొట్టాయన నన్నూ నా చేతిసంచినీ మార్చి మార్చి చూశాడు. పక్కనున్న మా ఆవిడ మోచేత్తో పొడిచి, "ఏంటండీ ఇది, నలుగురూ చూస్తున్నారు" అంది.

"ముప్పావు" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"ముప్పావు కేజీ ఏ మూలకండీ? రెండు కేజీలు తీసుకోండి."

ఇంటికొచ్చేదాకా విషయం చెప్పలేకపోయాను. గింజ కొరికి చప్పుడు వినే మనిషిని నేను చాలా ఏళ్ల కిందట చూశాను. ఆవిడ పోయి కూడా చాలా కాలమైంది. పోయారన్న కబురు విన్నప్పుడు కూడా, దేవుడు నన్ను క్షమించాలి, ముందు నాకు నవ్వే వచ్చింది. ఏడుపు తరవాత వచ్చింది. ఆవిడ ఎప్పుడు గుర్తొచ్చినా అదే వరస.

డెబ్బైల చివర్లో సంగతి ఇది. వ్యవసాయంలో డిప్లొమా చేతికి రాగానే ఒక పరిశోధన పథకంలో తాత్కాలికపు ఉద్యోగం దొరికింది. చిన్న రైతులు మినుము ఎలా పండిస్తున్నారో చూసి రాయడం నా పని. అందులో మగవాళ్లు నడిపే చేను ఎలా ఉంది, ఆడవాళ్లు నడిపే చేను ఎలా ఉంది, విత్తనాన్నీ ఎరువునీ మనుషుల కష్టాన్నీ ఎవరు వృథా చెయ్యకుండా వాడుతున్నారు అన్నది తేల్చాలి. ఎవరు బాగా వాడతారన్న దాని మీద మా పైఅధికారికి అప్పటికే ఒక నమ్మకం ఉండేది. నాకు మాత్రం ఏ నమ్మకమూ లేదు. నా దగ్గర ఉన్నదల్లా నాలుగు పేజీల ఫారం, ఒక టేపు, పెన్సిలు, ఇంకా బొత్తిగా అరగని కొత్త చెప్పులు.

రాజమండ్రిలో పాసింజరెక్కి నిడదవోలులో దిగి, అక్కడ అద్దె సైకిలు తీసుకుని కాలవ గట్టెమ్మట వెళ్లేవాణ్ణి. ఆ ఊరు కాలవకి చిట్టచివర ఉంది. వానాకాలపు సార్వా వరికి ఎలాగో నీళ్లందుతాయి కానీ రెండో వరికి చాలవు. అందుకని అక్కడ వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకి రెండు మూడు రోజుల ముందు, చేలో మినుములు చల్లేస్తారు. దున్నడం లేదు, తడి పెట్టడం లేదు. వరి వదిలిపెట్టిన చెమ్మతోనే మినుము మొలిచి, మంచు తాగి పెరిగి, మాఘ ఫాల్గుణాలకి చేతికొస్తుంది. చల్లే రోజు సరిగ్గా కుదిరిందా పంట, లేదా మట్టి. కిటుకంతా అక్కడే ఉంది.

నా జాబితాలో ఆడవాళ్లు నడిపే చేను ఒక్కటంటే ఒక్కటే ఉంది. వెతుక్కుంటూ ఆ ఇంటికి వెళ్లాను. నలభై ఏళ్లుంటాయేమో, నుదుటి మీద రూపాయంత బొట్టు, మోకాళ్ల దాకా ఎగదోపిన చీర, ఒకావిడ గేదెకి కుడితి పెడుతున్నారు.

"ఇంటి యజమానిగారున్నారాండీ?" అన్నాను.

"ఉన్నారండి. గేదె దగ్గర పనిలో ఉన్నారు. కూర్చోండి, పిలుస్తాను" అన్నారు.

లోపలికి వెళ్లారు. కాళ్లు కడుక్కున్న చప్పుడైంది. చీర కుచ్చెళ్లు దించుకుని, చేతులు తుడుచుకుంటూ మళ్లీ ఆవిడే బయటికొచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"ఆయ్, చెప్పండి బాబూ. పిలిచేరంట?"

నేను గేదె వైపు చూశాను, తలుపు వైపు చూశాను. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఆవిడ నవ్వు భుజాల్లో మొదలై ముఖానికి ఆఖర్న వచ్చేది. మాట చెప్పకముందే ఆవిడకి నవ్వొచ్చేసేది కాబట్టి, భుజాలు కదిలాయంటే నా పని అయిపోయిందని నాకు తెలిసిపోయేది.

ఆ ఇంటి మగమనిషి ఉండడానికైతే ఉన్నారు. హార్మణీ వాయించేవారు. నాటకాల పార్టీతో ఊళ్లు తిరిగేవారు. ఏడాదిలో ఇంట్లో ఉండేది నెలో రెండు నెలలో. "ఆయనికి శ్రుతి తెలుసండి, చెమ్మ తెలియదు. నాకు చెమ్మ తెలుసు, శ్రుతి తెలియదు. అంచేత ఎవరి దారి వారిదండి" అనేవారు ఆవిడ. ఆ మాటలో బాధేమైనా ఉందా అని నేను చాలాసార్లు వెతికాను, కనిపించలేదు.

ఆవిడకి చెమ్మ తెలుసనడంలో గొప్పేమీ లేదు. వరి చేలోకి దిగి, మడమ గట్టిగా నొక్కి తీసేవారు. ఆ గుంటలో నీరు ఊరితే, "ఇంకా తాగి ఉందండి" అని తిరిగొచ్చేసేవారు. మర్నాడు మళ్లీ నొక్కేవారు. గుంట గుంటలాగే నిలబడి, అడుగున తడి మెరిస్తే చాలు, చెంగులో మినుములు పోసుకుని బయల్దేరేవారు. ఊళ్లో మగవాళ్లు అందరూ ఒకే రోజు, మంచి వారం చూసుకుని చల్లేవారు. కాలవ చివర ఏ రెండు చేలకీ చెమ్మ ఒకేలా ఉండదు. ఆవిడ నాలుగు మడులకీ నాలుగు వేర్వేరు రోజుల్లో చల్లడం నా కళ్లతో చూశాను. వరి కోసేటప్పుడు కోతవాళ్లని మడంతా తిరిగి తిరిగి నడవమనేవారు. వాళ్ల అడుగులకే గింజ నేలలోకి దిగాలి. "నాగలి లేకపోతే ఏంటండి, ఇరవై కాళ్లున్నాయి" అనేవారు. కోసిన వరి పనలు చేలో పడుంటే కిందున్న మొలక పాలిపోతుందని, మూడో రోజుకల్లా పనలన్నీ గట్టు మీదికి చేర్పించేవారు. మిగిలినవాళ్ల పనలు బండి కోసం చూస్తూ వారం పైన పడుండేవి.

విత్తనం కుండలో బూడిద కలిపి, మూతికి పేడమట్టి మెత్తి దాచేవారు. దాచేముందు గింజ కొరకాల్సిందే. టక్కుమంటే ఎండినట్టు. మెత్తగా దిగితే మళ్లీ ఎండకి. నాకూ ఒక గింజ ఇచ్చి కొరకమనేవారు. నేను కొరికి, "ఎండిందండి" అనేవాణ్ణి. "మీ పన్ను ఎండిందండి, గింజ ఎండలేదు" అని భుజాలు ఊపేవారు.

ఎరువు ఏమేస్తున్నారని ఫారంలో ఒక ప్రశ్న ఉంది. అడిగితే, "ఏం వెయ్యనండి" అన్నారు.

"అదేంటండీ, బొత్తిగా ఏమీ వెయ్యరా?"

"వరికేసింది చేలోనే ఉందికదండి. అదేమైనా ఊరెళ్లిపోయిందా?"

ఇదే మాట మా పైఅధికారి ఒక గంట ఉపన్యాసంలో చెప్పగా విన్నాను. నాకు అప్పుడు అర్థం కాలేదు, ఆవిడ చెప్పాక అర్థమైంది.

పక్క ఎకరం ఆవిడ మరిదిది. ఆయన మంచి కష్టజీవి, మీసం ఉన్నవాడు, చేతిపంపు వీపుకి తగిలించుకుని మందు కొట్టడమంటే మహా ఇష్టం. పథకం వాళ్లిచ్చే విత్తనం, ఎరువు, మందు ఉన్న సంచి 'రైతుకి' ఇమ్మని మాకు ఉత్తర్వు. నేను దాన్ని తిన్నగా తీసుకెళ్లి ఆయనకిచ్చాను. వదినగారికీ ఒకటి ఇవ్వాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆవిడా అడగలేదు. ఆయన వెనకాలే ఆయన భార్య, ఆవిడకి తోటికోడలు, నీళ్ల బిందె మోసుకొస్తూ కనపడేది. సన్నగా, మాటా పలుకూ లేకుండా ఉండేది. నాకు మజ్జిగ ఆ అమ్మాయే తెచ్చిచ్చేది. వెళ్లినప్పుడల్లా తాగేవాణ్ణి.

ఆ రెండెకరాలూ వాళ్ల సొంతం కాదు, కౌలుకి చేస్తున్నారు. భూమి రాజమండ్రిలో ఉండే ఒక మాస్టారిది. మిషను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ సంవత్సరం ఆయన, ఇద్దరితో విడివిడిగా మాట్లాడుకోవడం తన వల్ల కావడం లేదని, వచ్చే ఏడు నుంచి మొత్తం రెండెకరాలూ ఒక్కరికే ఇస్తానని చెప్పారు. ఎవరికన్నది కూడా లెక్కల మాస్టారిలాగే తేల్చారు.

"నేల నాది. చెరో ఎకరం, సమానం. విత్తనం ఇంచుమించు సమానం. ఎరువూ మందూ గవర్నమెంటువారిచ్చారు, అది మీ గొప్ప కాదు. మీ సొంతమంటూ ఉన్నది రెక్కల కష్టం ఒక్కటే. ఒక మనిషి ఒక రోజు పని చేస్తే ఎంత పండిందో చూద్దాం. ఎవరిది ఎక్కువైతే చేను వాళ్లది. లెక్క ఈ అబ్బాయి రాస్తున్నాడుగా, అదే ఖాయం" అని నా వైపు వేలు చూపించారు.

ఉద్యోగంలో చేరిన రెండో నెలలోనే నా పెన్సిలు మీద ఒకరి బతుకు వచ్చి పడింది. మరిదికి కాలవకి ఇవతల సొంతానికి ఇంకో అరెకరం ఉంది. ఆవిడకి ఈ ఎకరం తప్ప ఏమీ లేదు. ఇది పోతే నలుగురి చేలలో కూలికి వెళ్లాలి. ఆ సంగతి అడిగితే, "కూలి పనికి సిగ్గేం లేదండి. కానీ ఎవరో చెప్పిన రోజున చల్లాలి, ఎవరో చెప్పిన రోజున కొయ్యాలి. అది నా వల్ల కాదండి" అన్నారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం భుజాలు కదల్లేదు.

తన పని రోజుల్ని ఆవిడ గోడ మీద సున్నపు చుక్కలతో పెట్టుకునేవారు. చదువు రాదు. రోజంతా చేలో ఉంటే నిండు చుక్క, పూటైతే సగం చుక్క. తన చేలోకి వేరే ఆడవాళ్లొస్తే వాళ్లకీ చుక్కే. వాళ్లకి బదులుగా తను వాళ్ల చేలలోకి వెళ్లేవారు. నేను వారానికోసారి వెళ్లి గోడ చూసి ఫారంలో ఎక్కించేవాణ్ణి.

ఒకసారి వెళ్లేసరికి హార్మణీగారు ఇంట్లో ఉన్నారు. ఇంట్లో ఏం తోచక పెట్టెతో సహా చేను గట్టు మీదికి వచ్చి కూర్చున్నారు. ఆవిడా ఇంకో నలుగురూ బంగారుతీగ పీకుతున్నారు. అదొక మాయదారి తీగ. ఆకు ఉండదు, వేరు ఉండదు, పసుప్పచ్చగా మినుము మొక్కకి చుట్టుకుని రసమంతా పీల్చేస్తుంది. ఒక ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. నడుం వంచితే సాయంత్రం దాకా లేవడానికి లేదు. హార్మణీగారు మాత్రం కళ్లు మూసుకుని రాగం తీస్తున్నారు. బాగానే వాయించారు, కాదనను.

సాయంత్రం గట్టు మీద కూర్చుని నేను పైకి చదువుకుంటూ రాసుకుంటున్నాను. "ఈ రోజు చేలో ఉన్నవారు... మగ ఒకరు, ఒకటి. ఆడ ఒకరు, ముప్పావు. ఆడ ఒకరు, ముప్పావు..."

"ఆగండాగండి. ఏంటండి ఆ ముప్పావు?" అన్నారావిడ.

తప్పించుకునే దారి లేక చెప్పాను. మా పథకం నియమం అది. మగమనిషి ఒక రోజు పని చేస్తే ఒకటి. ఆడమనిషి ఒక రోజు పని చేస్తే ముప్పావు. ఎందుకంటే నాకు తెలియదు, కాగితంలో అలా ఉంది.

"మరి ఆ ఒకటి ఎవరండి?"

"చేలో మగవారు ఉన్నారు కదండీ. మీవారు."

ఆవిడ ఒకసారి మొగుడి వైపు, ఒకసారి హార్మణీ వైపు చూశారు. భుజాలు కదిలాయి. ముందు చిన్నగా, తరవాత గట్టిగా. ఇక ఆగలేదు. గట్టు మీద కూలబడి, చెంగు నోట్లో కుక్కుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వారు. "ఓలమ్మా, విన్నారా! పొద్దుటనుంచీ పీకిన మనం ముప్పావంట! పెట్టె నొక్కినాయన ఒకటంట!" మిగతా నలుగురూ అందుకున్నారు. హార్మణీగారు విషయం అర్థం కాకపోయినా, జనం మెచ్చుకుంటున్నారనుకుని ఇంకో రాగం ఎత్తుకున్నారు. దాంతో నవ్వలేక ఒకావిడ చేలోనే పడుకుండిపోయింది.

"ఆయన్ని రాయకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఆయన పాట నా చేను మీద రాస్తే నేను మునిగిపోతాను" అన్నారు చివరికి. కొట్టేశాను.

ఆ రోజునుంచి ఆ ఊళ్లో నేను నవ్వులపాలయ్యాను. ఇంటికి వెళితే మజ్జిగ గ్లాసు ముప్పావు వరకే నింపి ఇచ్చేవారు. "ఎంత మంది పిల్లలండి మీకు?" అని ఫారంలో ఉన్న ప్రశ్న అడిగితే, "ఇద్దరాడపిల్లలండి. అంటే ఒకటిన్నర" అన్నారు. ఒకరోజు చేలో ఎండు మొక్కలు పీకుతున్నారు. పొద్దు కాస్త వాలగానే అయిదుగురూ ఒక్కసారి నడుం ఎత్తి, గట్టెక్కి వరసగా కూర్చున్నారు. చేలో పని ఇంకా బోలెడుంది. కాయ పగిలితే గింజ నేలపాలు.

"ఏంటండీ, లేవరా?" అన్నాను కంగారుగా.

"మా ముప్పావు అయిపోయిందండి. మిగిలిన పావు ఎవరు పీకాలో మీ కాయితంలో చూడండి."

నేను నిజంగానే చెప్పులిప్పి చేలోకి దిగాను. పది మొక్కలు పీకానో లేదో నడుం పట్టేసింది. వాళ్లు గట్టు మీద ఒకర్నొకరు పట్టుకుని నవ్వుతున్నారు. కాసేపయ్యాక ఆవిడే లేచొచ్చి, "లెగండి బాబూ, మీరు పీకితే మొక్కల్లో సగం విరిగిపోతున్నాయి. మీది పావు కూడా రాయలేం" అని నన్ను గట్టెక్కించారు. తరవాత చీకటి పడేవేళ దాకా అయిదుగురూ పని చేశారు.

నూర్పిళ్లయ్యాయి. రెండు చేలూ కొలిచాం. చిత్రం ఏంటంటే, ఒక కుంచం అటూ ఇటూగా రెండూ సమానంగా పండాయి. ఎరువూ మందూ పడిన చేనూ ఒకటే, మడమ తప్ప ఇంకేమీ పడని చేనూ ఒకటే. ఇక మిగిలింది మాస్టారు అడిగిన లెక్క. పాసింజరులో కూర్చుని ఒళ్లో ఫారం పెట్టుకుని లెక్క కట్టాను. పంట సమానం కాబట్టి పని రోజులు ఎవరివి తక్కువైతే గెలుపు వాళ్లది. మరిది చేలో పని రోజులు ముప్ఫై నాలుగు. ఆవిడ చేలో గోడ మీది చుక్కలు నలభై. ముప్పావు చొప్పున వేస్తే ముప్ఫై. అంటే ఆవిడే గెలిచారు!

ఎగిరి గంతేసినంత పని చేశాను. తరవాత ఇంకో లెక్క తట్టింది. ఒక రోజుకి ఒకటి చొప్పున వేస్తే నలభై అలాగే నలభై. చేను మరిదికి పోతుంది. ఇన్నాళ్లూ ఆవిడ ఎగతాళి చేసిన ఆ ముప్పావే ఇప్పుడు ఆవిడ చేనుని కాపాడాలి.

మర్నాడే వెళ్లి గుట్టుగా చెప్పాను. "ముప్పావుగానే ఉంచుతానండి. నియమం కూడా అదే. మీరు మాస్టారి ముందు ఏం మాట్లాడకుండా ఊరుకుంటే చాలు."

ఆవిడ చాలాసేపు గోడ మీది చుక్కల వైపు చూస్తూ ఉండిపోయారు. ఆవిడ అంతసేపు నవ్వకుండా ఉండడం నేను మళ్లీ చూడలేదు.

"ఆ చేనంటే నాకు ప్రాణమండి" అన్నారు.

"తెలుసండి. అందుకే."

"సరే బాబూ. మీరు పెద్ద చదువులు చదువుకున్నారు. మీ ఇష్టం."

మాస్టారు ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వచ్చారు. కళ్లంలో మంచం వేశారు. కౌలు కాగితం ముందే రాసి తెచ్చారు, పేరు కోసం జాగా వదిలారు. ఒక పక్క మరిది మీసం దువ్వుకుంటూ, ఇంకో పక్క ఆవిడ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొంచెం దూరంలో తోటికోడలు చేటతో మినుములు చెరుగుతోంది. నేను గొంతు సవరించుకుని చదివాను.

"మరిదిగారి చేను, పని రోజులు ముప్ఫై నాలుగు. వదినగారి చేను, పని రోజులు..." ఆవిడ వైపు చూశాను. "ముప్ఫై."

మాస్టారు తలూపి పెన్ను మూత తీశారు.

"తప్పు చదువుతున్నారు బాబూ" అన్నారావిడ.

నేను కంగారుగా ఫారం మీద వేలు పెట్టాను. "లేదండి, సరిగ్గానే..."

"నా గోడ మీద నలభై చుక్కలున్నాయి మాస్టారండి. ఈ బాబు నా మీద దయతలచి తగ్గించేరు. ఆడమనిషైతే ముప్పావే అని వీళ్ల కాయితంలో ఉందంట. నేను రోజంతా వంగేనండి. నడుం ముప్పావే నొప్పెట్టలేదు, మొత్తం నొప్పెట్టింది. ఒకటికి ఒకటి రాయండి."

"అలా రాస్తే చేను నీకు రాదమ్మా" అన్నారు మాస్టారు మెల్లగా.

"తెలుసండి. రాకపోతే పోనీండి. నేను మాత్రం పూర్తి మనిషినండి."

నాకు ఆవిడ మీద చెప్పలేనంత కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంత కష్టపడి కుదిర్చిన దాన్ని ఒక్క మాటతో పాడుచేసుకున్నారే అనిపించింది. మరిది కూడా సంతోషించినట్టు కనపడలేదు. తల వంచుకున్నాడు. మాస్టారు పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నారు.

అప్పుడు చేట చప్పుడు ఆగింది.

"మరి నేనెంతండీ?" అంది తోటికోడలు.

ఆ గొంతు నేను వినడం అదే మొదలు. ఫారం చూశాను. ముప్ఫై నాలుగూ మరిదివే. ఆ అమ్మాయి పేరిట ఏమీ లేదు. మా నియమాల్లో ఇంకో వాక్యం కూడా ఉంది: రైతు ఇల్లాలు చేసే సాయం లెక్కించనక్కరలేదు. నేను లెక్కించలేదు.

"సున్నా అండి" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది.

"ఊరికే తోడొస్తుందండి మాస్టారూ" అన్నాడు మరిది.

"తోడొచ్చి ఏం చేస్తుంది?"

"తీగ పీకుతుందండి. పనలు మోస్తుందండి. మందుకి నీళ్లు తెస్తుంది. కుప్పలు వేస్తుంది, నూరుస్తుంది..." చెబుతూ చెబుతూ ఆయనే ఆగిపోయాడు.

"ఎన్ని రోజులొచ్చావమ్మా?" అన్నారు మాస్టారు.

"ఆయనొచ్చిన ప్రతి రోజూ వచ్చేనండి. ఆయన రాని రోజుల్లో కూడా వచ్చేను."

లెక్కల మాస్టారికి కాగితం అక్కర్లేకపోయింది. ముప్ఫై నాలుగుకి కనీసం ఇంకో ముప్ఫై నాలుగు. వదినగారి నలభై ఎక్కడ, ఈ అరవై ఎనిమిది ఎక్కడ! నాకు అరిచి గంతులెయ్యాలనిపించింది. పథకం ఉద్యోగిగా పరువు అడ్డొచ్చి ఊరుకున్నాను. ఆవిడకి అలాంటి అడ్డేమీ లేదు. భుజాలు మొదలయ్యాయి. వెళ్లి తోటికోడల్ని చేటతో సహా వాటేసుకున్నారు. మినుములు జలజలా కళ్లమంతా చిందాయి.

"ఒసేయ్ చెల్లీ! నోరుందే నీకు!"

"నీకు చేను పోతుందని భయమేసిందక్కా" అంది ఆ అమ్మాయి. "మాకు అరెకరం ఉంది కదా."

మాస్టారు రెండెకరాలకీ ఆవిడ పేరు రాయబోయారు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "రెండెకరాలకి నా చేతులు చాలవండి. దీని పేరూ కలిపి రాయండి. ఇద్దరం కలిసి చేసుకుంటాం."

"మరి నేనో వదినా?" అన్నాడు మరిది, పాపం, చిన్నబోయి.

"నువ్వూ రా అబ్బాయ్. నీకెప్పుడూ ఒకటే, ఎవరూ తగ్గించరులే" అన్నారావిడ. మాస్టారు కూడా నవ్వేశారు. మరిది మీసం కింద కూడా ఏదో కదిలింది.

"నీ పేరేంటమ్మా?" అన్నారు మాస్టారు, పెన్ను సిద్ధంగా పట్టుకుని.

ఆ అమ్మాయి అలవాటుగా మొగుడి వైపు చూసింది. నేను నా ఫారం వైపు చూశాను. నాలుగు నెలలుగా వెళ్లినప్పుడల్లా ఆ అమ్మాయి చేతి మజ్జిగ తాగాను. పేరు నాకూ తెలియదు. చిన్నకోడలు అనడమే విన్నాను.

పేరు చెప్పింది, ఎవరికీ వినపడకుండా.

"గట్టిగా చెప్పవే, మాస్టారికి చెవుడు" అన్నారావిడ. మాస్టారికి చెవుడేం లేదు. ఆయన మాత్రం వెంటనే చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

రెండోసారి కొంచెం గట్టిగా చెప్పింది. "ఊహూఁ" అన్నారు మాస్టారు. మూడోసారి నవ్వు ఆపుకోలేక అరిచినట్టే చెప్పింది. పక్క కళ్లంలో పని చేస్తున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు.

మాస్టారు రాసుకున్నారు. నేనూ రాద్దామని ఫారం తిరగేశాను. నాలుగు పేజీల్లోనూ ఆ పేరు రాయడానికి గడి లేదు. చివరికి మొదటి పేజీలో 'రైతు పేరు' అన్న చోట, మరిది పేరు పక్కన, మిగిలిన కొంచెం జాగాలో ఇరికించి రాశాను.

ఆవిడ నా భుజం మీదుగా తొంగి చూశారు. ఆవిడకి ఒక్క అక్షరం రాదు.

"వాడి పేరుకంటే చిన్నగా ఉంది బాబూ. రెండూ చెరిపి మళ్లీ రాయండి" అన్నారు.

రెండూ చెరిపి, మళ్లీ రాశాను.